దింపేదెవర్ని, కూర్చోబెట్టేదెవర్ని?

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకీ పదింటికీ మధ్య మా ఇంట్లో ఫోను మోగిందంటే అది డల్లాసు నుంచే. మా అన్నయ్యగారి అబ్బాయి. అక్కడ వాడికప్పుడు పగలు పదకొండు. కుశల ప్రశ్నలు రెండు ముక్కల్లో ముగించేసి అసలు సంగతికొస్తాడు.

“చిన్నాయనా, ఇద్దర్ల ఎవర్ని దింపాలె? జల్ది చెప్పు, ఇంకో గంటల తాళం పడ్తది.”

వాడు పుట్టింది శామీర్‌పేటలో. చెరువుకట్ట మీద సైకిలు నేర్చుకున్నవాడు. చిన్నాయనకి ఆ ఆట ఓనమాలు కూడా రావని వాడికి బాగా తెలుసు. అయినా అడుగుతాడు. మనసులో ఒకటి ఖాయం చేసుకున్నాక కూడా పంచాంగం చూపించుకునేవాళ్ళు లేరూ, అలాగన్నమాట.

వాడు చెప్పే ఆట ఫుట్‌బాల్. మనం తన్నే ఫుట్‌బాల్ అనుకునేరు. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్‌లో కాలితో తన్నడం తక్కువ. బంతి కోలగా వుంటుంది. దాన్ని చంకన పెట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు, పట్టుకున్నవాడి మీద నలుగురు పడతారు. జట్టులో పదకొండుమంది వున్నా పెత్తనమంతా ఒక్కడిది. బంతి ముందు అతని చేతికే వస్తుంది. విసరాలో, పక్కవాడికందించాలో, తనే పరిగెత్తాలో రెండు మూడు క్షణాల్లో తేల్చుకోవాలి. ఆయనగారిని క్వార్టర్‌బాక్ అంటారు. పేరులో పావువంతే వుంది గాని ఆటలో ముప్పాతిక వంతు ఆయనే.

మావాడు ఆ ఆటైనా ఆడడు. సోఫాలో కూర్చుని ఆడించే ఆట వాడిది. ఫాంటసీ ఫుట్‌బాల్ అంటారు. ఆఫీసులో పదిమంది కలిసి సీజను మొదట్లో ఆటగాళ్ళని పేర్లమీద పంచుకుంటారు. ఒకరు తీసుకున్నవాణ్ణి మరొకరు తీసుకోకూడదు. ఆ ఆటగాళ్ళు నిజం మైదానంలో చేసినదాన్నిబట్టి ఇక్కడ వీళ్ళకి మార్కులు. ముందుజాగ్రత్తకి ఇద్దరు క్వార్టర్‌బాక్‌లని దగ్గర పెట్టుకుంటారు గాని మామూలుగా వారానికి ఒక్కణ్ణే దింపాలి. కూర్చోబెట్టినవాడు ఆ రోజు ఎంత విజృంభించినా ఆ మార్కులు లెక్కలోకి రావు. ఏడుపంతా అక్కడే వుంది. ఓడినందుకు వాడికంత బాధ లేదు, చేతిలో వున్నవాణ్ణి కూర్చోబెట్టి ఓడానే అని సోమవారమంతా అన్నం సయించదు.

ఈ ఆటకి పుట్టినరోజుంది. 1962లో ఓక్లండ్ రైడర్స్ అనే జట్టు తూర్పు తీరానికి ఆటలాడడానికి వెళ్ళింది. ఆ జట్టులో వాటాదారు బిల్ వింకెన్‌బాక్, వెంట వచ్చిన మరో ఇద్దరు న్యూయార్కు హోటలు గదిలో కూర్చుని దీని నియమాలు రాశారు. మరుసటేడు, 1963లో, వింకెన్‌బాక్ ఇంటి నేలమాళిగలో ఎనిమిదిమంది పంచుకోవడానికి కూర్చున్నారు. మొట్టమొదట ఎవరి పేరు పలికారో తెలుసా? జార్జ్ బ్లాండా. హ్యూస్టన్ జట్టు క్వార్టర్‌బాక్. జిమ్ బ్రౌన్ లాంటి మహా ఆటగాడు రెండో పేరయ్యాడు. అంటే ఈ క్వార్టర్‌బాక్ బెంగ మొదటి రోజునుంచీ వున్నదే.

మనవాళ్ళకిది కొత్త విద్యేమీ కాదు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి పందెం కోడిని దింపేముందు కుక్కుటశాస్త్రం తిరగేసేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. డేగా, కాకా, నెమలా, పర్లా? ఇవాళ నక్షత్రమేమిటి, ఇది ఏ జాము, ఏ దిక్కు నుంచి వదలాలి? కాకి గెలిచే జాములో డేగని దింపినవాడు పొలం పత్రాలు పోగొట్టుకుని ఇంటికొస్తాడు. పల్నాటి కథలో నాగమ్మతో కోడిపందెం ఓడి బ్రహ్మనాయుడి పక్షంవాళ్ళు రాజ్యం వదిలి అడవులపాలయ్యారు. మావాడి ముందు కంప్యూటరు అంకెలు, ఆ రైతు ముందు తాటాకు పుస్తకం. ఇద్దరి గుండెలూ ఒకే తీరున కొట్టుకుంటాయి.

అదలా వుంచండి. న్యూయార్కు హోటల్లో ఆ కాగితం తయారైన 1962లోనే, దానికి కొద్దికాలం ముందు, మన హైదరాబాదు మనిషొకాయన జకార్తాలో ఇదే ప్రశ్న ఎదుర్కొన్నాడు. దింపేదెవర్ని? ఆయన చేతిలో వున్నవి మాత్రం కాగితం పేర్లు కావు. ఒకడు జ్వరం పడి లేచినవాడు. ఒకడు తలకి కుట్లున్నవాడు. ఆ ముచ్చట చెప్పాలంటే మేడ్చల్ రైలెక్కాలి.

సికిందరాబాద్ నుంచి మేడ్చల్ వైపు పోయే లైను వుంది చూశారూ, అది మన్మాడ్ దాకా పోయిన పాత మీటరుగేజి దారి. మల్కాజిగిరి దాటాక సఫిల్‌గూడ, రామకృష్ణాపురం, అమ్ముగూడ, కేవల్రీ బారక్స్, అల్వాల్, బొల్లారం, మరికాస్త పోతే మేడ్చల్. కేవల్రీ బారక్స్ అన్న పేరు చాలు, ఇదంతా దండు ప్రాంతమని తెలియడానికి. 1806 నుంచి సికిందరాబాద్‌లో ఇంగ్లీషు పటాలాలు మకాం వేశాయి. బొల్లారంలో నిజాం సొమ్ముతో నడిచే హైదరాబాద్ కంటింజెంటు వుండేది. పటాలం వున్నచోట మైదానం, మైదానం వున్నచోట బంతి. గట్టు మీద నిలబడి చూసిన మన పిల్లలు దొరలు వెళ్ళిపోయాక ఉత్తకాళ్ళతో అదే మైదానంలోకి దిగారు. అటు శామీర్‌పేట రోడ్డులో తిరుమలగిరి, ఇటు మేడ్చల్ లైనులో బొల్లారం, రెండింటి నడుమ ఆ పిచ్చి ముదిరింది. చాలాకాలం తర్వాత 1993లో ప్రభుత్వం క్రీడా పాఠశాలని పెట్టిందీ ఈ చుట్టుపక్కలే, శామీర్‌పేట దారిలో హకీంపేటలో.

అమ్ముగూడలో 1930ల నడుమ పుట్టిన కుర్రాడు తులసీదాస్ బలరాం. తమిళదేశం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. డబ్బులేని ఇల్లు. హైదరాబాదు జట్టుకి ఆటగాళ్ళని వెతుకుతున్న సయ్యద్ అబ్దుల్ రహీం కంట పడ్డాడు. రోజూ హైదరాబాదు రావాలంటే ఛార్జీలెక్కడివని కుర్రాడు నసిగితే రహీం సాబే సైకిలు ఏర్పాటు చేశాడని చెప్పుకుంటారు. అమ్ముగూడ నుంచి సైకిలు మీద మొదలైన ఆ ప్రయాణం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ దాకా పోయింది. 1960లో రోములో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు బలరాం వేశాడు. రెండాటలూ మనం ఓడామనుకోండి, కాని ఆ రోజుల్లో హంగరీకి గోలు కొట్టడమంటే మాటలా!

రహీం సాబ్ గురించి ఒక్క మాట. ఆయన పోలీసు కాడు, బడిపంతులు. 1909లో హైదరాబాదులో పుట్టి, బళ్ళలో పాఠాలు చెప్పి, తర్వాత వ్యాయామ విద్య చదివినవాడు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన చేతిలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు ఇంటికి తెచ్చింది. ఏ పిల్లాడు దేనికి పనికొస్తాడో పసిగట్టడమే పంతులుగారి విద్య. ఆ విద్యనే ఈయన మైదానంలోకి తెచ్చాడు.

ఇక జకార్తా. 1962 ఆగస్టు 26న నాలుగో ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మన మొదటి ఆట. దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. ఆరంభమే అపశకునం. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచాం గాని ఆ ఆటలో మన రక్షణకి మూలస్తంభం లాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. అతను లేకుండానే జపాన్‌ని 2-0తో ఓడించాం. సెమీఫైనల్ దక్షిణ వియత్నాంతో, సెప్టెంబరు 1న.

ఇప్పుడు రహీం స్థానంలో మీరున్నారనుకోండి. జర్నైల్ డిఫెండరు. గాలిలో వచ్చే ప్రతి బంతినీ తలతో కొట్టి పంపడమే అతని పని. ఆ తలకే కుట్లు. విశ్రాంతి తీసుకో నాయనా అని కూర్చోబెడతాం, అవునా? మావాడి కంప్యూటరైతే అతని పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టి వూరుకునేది. రహీం అతన్ని దింపాడు. దింపింది కూడా అతని చోట్లో కాదు. సెంటర్ ఫార్వర్డుగా, గోలు వేసే చోట! రక్షణ మధ్యలో అరుణ్ ఘోష్‌ని పెట్టాడు. జర్నైల్ కాలేజీ రోజుల్లో సెంటర్ ఫార్వర్డుగా ఆడేవాడన్న సంగతి రహీం బుర్రలో వుంది. పోయిన ఆటల మార్కుల పట్టికలో ఎక్కడ వెతికినా దొరకని సంగతి అది. వియత్నాం మీద 3-2తో గెలిచాం. చునీ గోస్వామి రెండు గోళ్ళు, జర్నైల్ ఒకటి.

ఆ ఆటలో మన గోల్ దగ్గర నిలబడింది ప్రద్యుత్ బర్మన్ అనే బెంగాలీ కుర్రాడు. రెండు గోళ్ళు వదిలినా జట్టు గెలిచింది కదా. గెలిచిన జట్టుని కదపకూడదని పల్లెటూరి కబడ్డీ పెద్ద కూడా చెబుతాడు. ఫైనల్‌కి మూడు రోజులుంది. ఎదురుగా మళ్ళీ కొరియా, మనల్ని మొదటి రోజునే చిత్తు చేసిన కొరియా.

గదిలో ఇంకో గోల్‌కీపరున్నాడు. పీటర్ తంగరాజ్. ఆరడుగులు దాటిన మనిషి, ఆసియాలోనే మేటి గోల్‌కీపరని పేరు తెచ్చుకున్నవాడు. ఇతనూ మనవాడే. హైదరాబాదులో పుట్టి సికిందరాబాద్ క్లబ్బుల్లో ఆడి సైన్యంలో చేరాడు. సైన్యంలో మొదట సెంటర్ ఫార్వర్డుగా ఆడి ఆ తర్వాత గోల్‌లోకి వెళ్ళాడు. కాని జకార్తాలో ఫ్లూ జ్వరం పడి లేచాడు, కాళ్ళలో సత్తువ ఏపాటి వుందో నమ్మకం లేదు. ఇటు చూస్తే ఆటలో వున్నవాడు, అలవాటు పడ్డవాడు. అటు చూస్తే పేరున్నవాడు, పొడుగరి, పత్యం తిని లేచినవాడు. మా అన్నయ్యగారి అబ్బాయి బెంగ సరిగ్గా ఇదే, పేర్లు మారాయంతే.

ఒక్క తేడా వుంది, అది చిన్నది కాదు. మధ్యలో ఆటగాణ్ణి మార్చుకునే సదుపాయం అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో అప్పటికింకా సాధారణం కాలేదు. ప్రపంచ కప్పులోకి అది వచ్చిందే 1970లో. తంగరాజ్ నీరసించినా, జర్నైల్ కుట్లు తెగినా ఇంకొకణ్ణి పిలిచే దారి లేదని మనసులో పెట్టుకునే పేర్లు రాయాలి.

దీనికి తోడు ఊరంతా పగబట్టి వుంది. ఆ ఏడు ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్ళని రానివ్వలేదు. అలాగైతే వీటికి ఏషియన్ గేమ్స్ అన్న పేరెందుకని మన దేశపు ప్రతినిధి గురుదత్ సోంధీ నిలదీశాడు. న్యాయమైన మాటే. కాని దాని ఫలితం ఆడేవాళ్ళ మీద పడింది. జనం మన రాయబార కార్యాలయం మీదికి దండెత్తారు. సెప్టెంబరు 4న ఫైనల్‌కి సెనయాన్ స్టేడియంలో లక్షమంది. మనవాళ్ళ కాలికి బంతి తగిలితే చాలు, గోల. ఆ లక్షమందిలో మనకోసం అరిచినవాళ్ళెవరంటే పాకిస్తాన్ హాకీ జట్టువాళ్ళు! అంతకు ముందే హాకీలో మనల్ని ఓడించి బంగారం పట్టుకున్నవాళ్ళు. చరిత్రలో ఇలాంటి తమాషాలు అప్పుడప్పుడు దొర్లుతుంటాయి.

రహీం తంగరాజ్‌నే దింపాడు. బర్మన్ బయట కూర్చున్నాడు. జర్నైల్ కుట్లతోనే మళ్ళీ ముందు వరసలో. ఎడంపక్క చివర అమ్ముగూడ బలరాం. హైదరాబాదువాడే మరొకడు యూసుఫ్ ఖాన్ కూడా పదకొండుమందిలో వున్నాడు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు. 20వ నిమిషంలో జర్నైల్ గోలు. అక్కణ్ణుంచి గంటకి పైగా కొరియావాళ్ళు మీదపడుతూనే వున్నారు, 85వ నిమిషందాకా తంగరాజ్‌ని దాటి బంతి లోపలికి పోలేదు. అప్పుడొకటి పోయింది. 2-1. బంగారం మనది.

నన్నడిగితే జర్నైల్‌ని ముందుకి తోయడం కంటే తంగరాజ్‌ని దింపడమే కష్టమైన తీర్పు. మొదటిది తెగింపు. గోలు రాకపోతే రాలేదు, పోయేదేముంది? రెండోదానికి మాత్రం ఏ తప్పూ చేయని ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టాలి. జ్వరం మనిషి చేతిలోంచి బంతి జారిందా, పంతులుగారికి మతి పోయిందని పేపర్లు మర్నాడే రాసేవి.

ఇంకో తమాషా చూడండి. ఇంగ్లండు ప్రీమియర్ లీగువాళ్ళ ఫాంటసీ ఆటలో డిఫెండరు గోలు వేస్తే 6 మార్కులు, ఫార్వర్డు వేస్తే 4. డిఫెండరు గోలు వేయడం అరుదని ఆ ఎక్కువ. ఆ లెక్కన జర్నైల్‌ని నమ్మినవాడికి జకార్తాలో సెమీఫైనల్‌కి ఆరు, ఫైనల్‌కి ఆరు ముట్టేవి. కాని తలకి కుట్లున్న డిఫెండర్ని డల్లాసులో గాని డబీల్‌పూర్‌లో గాని ఒక్కడైనా దింపేవాడా? మావాణ్ణి అడిగాను. “నీకేమైన పిచ్చా చిన్నాయనా” అన్నాడు. తంగరాజ్‌కి వచ్చే మార్కులు కూడా గొప్పగా వుండవు, ఆఖర్న ఒక గోలు వదిలాడు కదా. పట్టిక ప్రకారం చూస్తే అతన్ని దింపి ప్రయోజనం లేదు. మైదానంలో అతను ఆపిన బంతులు పట్టిక అడగదు.

మరి ఇలా ఎంచుకోవడం నేర్పా, అదృష్టమా? ఈ ప్రశ్న మీద సుప్రీంకోర్టు మాట్లాడింది కూడా సికిందరాబాద్ పుణ్యమే. 1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు పడి రమ్మీ ఆడుతున్నవాళ్ళని పట్టుకున్నారు. కేసు ఢిల్లీ దాకా నడిచింది. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది వుంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటేనని 1967 నవంబరులో తీర్పు వచ్చింది. వుంచుకునేదేది, పారేసేదేది, మళ్ళీ అదే గోల చూడండి! తర్వాత సెల్‌ఫోనులో క్రికెట్ జట్లు కట్టించే కంపెనీలన్నీ ఈ తీర్పునే కవచంలా తొడుక్కున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2017లో చట్టం సవరించి నేర్పైనా సరే డబ్బు కాసే ఆన్‌లైను ఆట వద్దంది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. మేడ్చల్ అద్దెగదుల్లో జీతం జట్టుమీద పెట్టి అప్పులపాలైన కుర్రాళ్ళని చూసినవాణ్ణి కనక ఆ చట్టం మీద నాకు ఫిర్యాదు లేదు. డబ్బు లేకుండా ఆడుకుంటే ఎవరికి కష్టం? మావాళ్ళ పందెం ఏడాది చివర ఓడినవాడు అందరికీ బిర్యానీ పెట్టడం.

జకార్తా తర్వాత రహీం సాబ్ ఎక్కువకాలం లేడు. కాన్సరుతో 1963 జూన్ 11న పోయాడు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకి బంగారం రాలేదు. చాలాకాలం ఆయన పేరు హైదరాబాదులోనే మరుగున పడి, 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాక మళ్ళీ వినపడింది. బలరాంకి అర్జున అవార్డు 1962లో వచ్చింది. మరుసటేడే జబ్బు చేసి, ముప్ఫై ఏళ్ళయినా నిండకుండానే ఆట మానేయవలసి వచ్చింది. అతన్ని కూర్చోబెట్టింది ఏ కోచీ కాదు, ఊపిరితిత్తులు. తర్వాతి జీవితమంతా బెంగాల్‌లోనే, ఉత్తరపారాలో గడిపాడు. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. రెండు నెలలు తిరక్కుండా ఏప్రిల్‌లో సికిందరాబాద్ నుంచి మేడ్చల్‌కి ఎమ్మెమ్‌టీఎస్ రైళ్ళు మొదలయ్యాయి. వాటి దారిలో అమ్ముగూడ ఒక స్టేషను.